ఒర్రుడు రాని పిల్ల

శుక్రవారం, పగలు పదకొండున్నర. ఆషాఢం ఆఖరు శుక్రవారం. ఆ పిల్ల జారిపడ్డది గప్పుడే. పాణం పోయింది తర్వాత, దవఖానకు పోయే తొవ్వల. కని నన్నడిగితే నేను పదకొండున్నరనే చెప్త.

ఆమె పేరు రాయను. దాచుడేం లేదు. రేషన్ కార్డు మీద ఉండె, లగ్గం పత్రిక మీద ఉండె. కని మా గల్లీల ఆ పేరుతోని పిలిచినోళ్లు లేరు. బొటనవేలు, చూపుడువేలు కలిపి దారానికి పురి పెట్టినట్టు ఒక్కసారి తిప్పితే ఆమె. గంతే. అది రాద్దామంటే నాకొచ్చిన అక్షరాలల్ల దొరుకుత లేదు. నాకు అక్షరాలు వచ్చిందే పండ్లు ఊడినంక. వంకలు తిప్పి రాసుడు తెల్వది, జరిగింది జరిగినట్టు రాస్త.

మాది మరాఠోళ్ల దిక్కున్న భీవండిల శాంతినగర్. గల్లీకి రెండు దిక్కుల సాంచాల, గదే కరెంటు మగ్గాల, కార్ఖానాలు, నడుమ రేకుల ఖోలీలు. పగటి పాళి, గదే షిఫ్టు, దిగంగనే రాత్రి పాళి ఎక్కుతది. సాంచాలు నడిస్తే గోడ వణుకుతది, గిన్నెల నీళ్లు వణుకుతయి, పండుకుంటే పక్కబొక్కలు వణుకుతయి. ఊరికెల్లి వచ్చిన చుట్టాలు రెండు దినాలు ఉండి, తలకాయ పట్టుకొని బస్సెక్కేది. మాకు మాత్రం అది సప్పుడని యాదికే ఉండదు. శుక్రవారం ఛుట్టీకి అన్ని సాంచాలు బందయితయి గద, ఆ పొద్దే మాకు చెవులల్ల ఏదో పొక్క పడ్డట్టుంటది.

ఇంత సప్పుడుల బతికేటోళ్లు గొంతు చించుకొని ఒర్రుతరని బయటోళ్లు అనుకుంటరు. తప్పు. నిన్న మొన్న వచ్చినోడు ఒర్రుతడు. సాంచాల నడుమ పుట్టి పెరిగినోళ్లు ఒర్రరు. ఒర్రి ఏం ఫాయిదా? పెదవులు ఇంత పెద్దగ కదుపుతరు, చెయ్యి లేపుతరు. మాకు చేతి పేర్లుంటయి. సేఠు అంటే పొట్ట నిమురుకునుడు. నేనంటే గంటె తిప్పుడు. ఆమె మొగడు సీను అంటే చెవి పట్టి గుంజుడు, వాని చెవులు చాటల లెక్క ఉంటయి. ఇగ అన్నిటికన్న పెద్దది ఒకటుంటది. చెయ్యి తలకాయ మీదికి లేపి, పిడికిలి మూసుడు, తెరుసుడు, మూసుడు, తెరుసుడు. దారం తెగింది, మంట అంటింది, ఎవలకో దెబ్బ తాకింది, ఏదైన గానియ్: జల్ది రా అని దానర్థం. అది చూసినోడు చేతిలున్నది ఆడనే ఇడిసిపెట్టి ఉరకాలె. సేఠైన సరే.

నేను ఆ గల్లీల భిస్సీ నడిపిన. మా కరీంనగర్ దిక్కుకెల్లి ఒంటిగ వచ్చిన మొగోళ్లు నెలవారీగ తినే బువ్వ ఇల్లును భిస్సీ అంటరు. నా పొయ్యి ముందట కూసుంటే ఎదురుంగ ఆ పిల్ల వాళ్ల ఖోలి తలుపు సీదా కనవడేది. ఆమె చెయ్యి లేస్తే నేను చూసేది, నా గంటె లేస్తే ఆమె చూసేది. గట్ల నడిచింది మాకు.

ఆమె పని బీము అతుకుడు. సాంచా మీద పాత బీముకు చుట్టిన పడుగు దారం అయిపోతే కొత్త బీము ఎక్కిస్తరు. పాత కొసలకు కొత్త కొసలు ఒక్కొక్క పోగు పట్టి, పురి పెట్టి అతకాలె. వేల పోగులు. ఒకటి తప్పితే గుడ్డ పొడుగునా గీత. అది మొగోళ్ల పని. ఆమె తండ్రి చేసేది. ఆయన కండ్లు మసకవడ్డంక పిల్లను పక్కన కూసుండవెట్టుకున్నడు, ఇంకొన్నొద్దులకు పిల్లనే చేసింది, ఆయన పక్కన కూసున్నడు. సాంచా కింద మఠం వేసుకొని, కింది పెదవి కరుచుకొని, వేళ్లు మాత్రం ఆడుతుండేది. దారం జారకుండ వేళ్లకు బూడిద రాసుకుంటరు. ఒక పాత పాలపొడి డబ్బల జల్లెడ పట్టిన బూడిద ఆమె ఎన్నడు ఎంబడి ఉంచుకునేది. చెమట తుడుచుకుంటది గద, చెవి కింద ఎప్పుడు ఒక బూడిద గీత ఉండేది. లగ్గం పీటల మీద గూడ ఉండె. నేనే కొంగుతోని తుడిచిన.

ఏం పని చెప్పు, ఎంత పెద్ద పని చెప్పు, ఒకటే మాట. "అయితది తియ్." అదిగూడ పెదవులతోనే. మనిషి ముందట కూసున్నా, సాంచాలు బందున్నా, ముందు పెదవులు కదిపేది, నేను "ఏందే?" అంటే గప్పుడు యాదికొచ్చి సప్పుడు పెట్టేది. నవ్వు గూడ గంతే. భుజాలు ఊగుతయి, కండ్లల్ల నీళ్లొస్తయి, సప్పుడు రాదు.

సీను ఆ కార్ఖానలనే సాంచాలు నడిపేటోడు. ఆమెను చూసుడు కోసం కావాలని పడుగు దారాలు తెంపేది. దారాలు తెగితే అతికేటోళ్లను పిలువాలె గద. వాని సాంచాలకే ఎందుకు ఇన్ని తెగుతున్నయని పని చూసుకునే ముకద్దమ్ సాంచా విప్పి చూసిండు, నూనె పోసిండు, నిమ్మకాయ కట్టిండు. నాకు ఎరుకే. ఒకనాడు బువ్వ పెడుతూ అన్న, "సీనూ, దారాలు తెంపుడు ఆపి తాళి కట్టు, సేఠు గుడ్డంత ఖరాబయితుంది." మూతి అన్నంల పెట్టి లేపలే.

లగ్గమయింది, ఏడాది దాటినంక బిడ్డ పుట్టింది. శ్రావణి. కార్ఖాన గోడకు మేకు కొట్టి ఉయ్యాల కట్టిన్రు. గోడ వణికితే ఉయ్యాల వణికేది, పిల్ల నిమ్మళంగ పండుకునేది. కరెంటు పోయి సాంచాలు ఆగితే లేచి ఏడ్చేది. ఏడాది నిండినంక పాలు కావాలంటే చెయ్యి, నాయిన అంటే చెవి గుంజుకునుడు, నన్ను చూస్తే గంటె తిప్పుడు. గల్లీ అంత మురిసింది. సీను మురువలే. వాళ్ల ఊరి నుంచి వచ్చిన ఒకామె, "మూగదా ఏందిర బిడ్డ?" అన్నది. అది వాని చెవుల వడ్డది. డాక్టరు కాడికి తోల్కపోయిండు. డాక్టరు చూసి, చెవులు మంచిగున్నయి, నోరు మంచిగున్నది, ఈ పిల్ల మాట ఎన్నడన్న ఇన్నదా అని అడిగిండట. సప్పుడు లేని కాడ ఉంచున్రి, నోరుతోని మాట్లాడున్రి, ఇంక ఆలిశం చేస్తే కష్టమయితది అన్నడట.

సీను ఆర్నెల్లు తిరిగి కొలువు సంపాయించుకున్నడు. మాన్కోలి దిక్కు కొత్త కంపెనీ పడ్డది, ధోటా, గదే నాడె, లేని కొత్త మిషన్లు. దాంట్ల మాస్టర్ కొలువు. కంపెనోళ్లు టెంఘర్ల ఫ్లాటు ఇస్తరు. ఇంట్లనే నల్లా, ఇంట్లనే పాయిఖాన, కిటికీలకు అద్దాలు. మా గల్లీల అందరం పొద్దుగాల డబ్బ పట్టుకొని వరుసల నిలవడేటోళ్లం. గసొంటి కాడ ఫ్లాటు అంటే ఏందో మీరే అనుకోండ్రి.

ఆమె రానన్నది.

ఆ కొట్లాట నేను చూసిన. నేనొక్కదాన్నే గాదు, నా భిస్సీల బువ్వ తింటున్న ఇరవై మంది చూసిన్రు. సీను కార్ఖాన తలుపుల నిలవడ్డడు, ఆమె ఖోలి తలుపుల నిలవడ్డది, నడుమ గల్లీల మావోళ్లు పళ్లాలు పెట్టుకొని కూసున్నరు. సాంచాలు నడుస్తున్నయి. సీను నల్లా తిప్పినట్టు చేసిండు. తానం చేసినట్టు చేసిండు. కాలు మీద కాలేసుకొని కూసున్నట్టు, రాణి లెక్క. ఆమె తల అడ్డం ఊపి, వేళ్లకు పురి పెట్టి చూపి, రెండు చేతులు గల్లీ అంత తిప్పింది. నా పని ఈడ అని. సీను ఉయ్యాల ఊపినట్టు చేసి, నోటి మీద చెయ్యి పెట్టుకొని తీసిండు. పిల్లకు మాట అని. గప్పుడు ఆమె చేతులు ఆగినయి.

నా భిస్సీల తినే మా ఓదెలుకు నోరు ఊరుకోదు. పళ్లెం పట్టుకొనే లేచి నిలవడి ఇద్దరి నడుమ పంచాయితి పెద్దమనిషి లెక్క తలకాయ అటు ఇటు తిప్పిండు. ఆమె మల్ల చెయ్యి లేపి ఒక్క వేలు చూపింది, తలకాయ మీద కొంగు కప్పుకున్నట్టు చేసింది. కొంగు కప్పుకునుడంటే నమాజు, నమాజంటే శుక్రవారం. ఒక్క శుక్రవారం నాది, మిగతా అన్ని నీ ఇష్టం.

"గెలిచింది వదినె!" అని ఓదెలు ఎగిరిండు. "ఓడిపోయినవ్ రా సీనూ, ఇగ వారం వారం ఆటో కిరాయి తీసిపెట్టుకో!"

"బువ్వ తిని పొండ్రి, సినిమా అయిపోయింది," అని నేను గంటెతోని కొట్టవోయిన. ఆమె తలుపు పట్టుకొని నవ్వుతుంది. భుజాలు ఊగుతున్నయి.

శుక్రవారమే ఎందుకు అడిగింది? ఆ పొద్దు సాంచాలు బందు. కొత్త బీములు ఎక్కేది, అతికేది ఆ పొద్దే. అందరి ఛుట్టీ దినం ఆమెకు అన్నిటికన్న ఎక్కువ పని. సీను కంపెనీకి ఛుట్టీ ఆదివారం. లెక్క కుదిరింది.

పొద్దుమీకి నా పొయ్యి కాడికి వచ్చి కూసున్నది. బియ్యంల రాళ్లు ఏరుకుంట పెదవులు కదిపింది.

"ఏందే?"

"పోవద్దంటవా పెద్దమ్మా?"

"నన్ను అడుగకు," అన్న. "పిల్లకు మాట రావాలె, అది నిజం. నీకు నీ పని కావాలె, అదిగూడ నిజం. మీరిద్దరు తేల్చుకున్నరు, అయిపోయింది. నేను బువ్వ వండేదాన్ని, తీర్పు చెప్పేదాన్ని గాదు."

"సప్పుడు లేకుంటే నిద్ర వస్తదా?"

"పోయి చూడు. రాకుంటే సీనును గురక పెట్టుమను."

"పెడతడు పెద్దమ్మా. కని చిన్న గురక." అని నవ్వి, "అయితది తియ్," అన్నది.

రెండు నెలలకు మామిడి తొక్కు పట్టుకొని ఒక ఆదివారం ఆ ఫ్లాటుకు పోయిన. రెండో మాళ, గదే రెండో అంతస్తు. అన్ని తలుపులు మూసి ఉన్నయి. మా గల్లీల తలుపు మూసిందంటే ఎవలో కొట్లాడుకున్నట్టు, లేకుంటే ఎవలకో జరమొచ్చినట్టు. ఈడ ఊరికెనే మూసుకుంటరు.

ఆమె ఇల్లంత తిప్పి చూపింది. సంతోషపడలేదని రాస్తే అబద్ధమయితది. నల్లా తిప్పి నీళ్లు చూపింది, బందువెట్టింది, మల్ల తిప్పింది. బాత్రూంల అద్దం లెక్క మెరిసే బండలు. "పైలం పెద్దమ్మా, తడిస్తే జారుతది. సిగ్గు లేకుండ చెప్తున్న, మొదటి దినం గంటసేపు తానం చేసిన. తలుపు ఎవ్వరు కొట్టలే." తర్వాత నన్ను గోడ కాడికి తోల్కపోయి గడియారం చూపింది. "దీనికి సప్పుడు ఉంటదని నాకు తెల్వనే తెల్వది." రాత్రి నిద్ర రాకుంటే పంకకు అట్టముక్క తాకేటట్టు పెట్టుకుంటరట, టపటప అంటే ఆమె పండుకుంటదట, పిల్ల పండుకుంటదట, సీను మాత్రం లేచి కూసుంటడట.

ఛాయ్ తాగినంక సీను అన్నడు, "పెద్దమ్మా, తమాష చూస్తవా? దీనికి ఒర్రుడు నేర్పుతున్న."

"ఒర్రుడు నేర్పుడేందిర?"

"పిల్ల ముందట నోరుతోని మాట్లాడాలె గద. ఇది చేతులే ఆడిస్తది. నేను గ్యాలరీలకు పోత, ఇది కిచెన్ల నుంచి పిలువాలె. చూడు." గ్యాలరీలకు, గదే బాల్కనీలకు, పోయి మొఖం అటు తిప్పి నిలవడ్డడు. "ఆఁ, పిలువు!"

ఆమె నోరు తెరిచింది. పెదవులు "సీనూ" అన్నయి. సప్పుడు రాలే. చెయ్యి మాత్రం దానంతట అదే తలకాయ మీదికి లేచి, మూసుకొని తెరుసుకుంటుంది.

"చెయ్యి లేపినవా?" అన్నడు సీను ఎనకకు తిరుగకనే.

ఆమె గతుక్కుమని దించింది. నా దిక్కు చూసి నవ్వింది. కుడి చెయ్యిని ఎడమ చేత్తోని కట్టిపట్టుకొని, కండ్లు మూసుకొని, ఊపిరి లాగి ఒక్క ఒర్రు ఒర్రింది. మేక ఈనుతుంటే వచ్చే సప్పుడు గది. శ్రావణి చప్పట్లు కొట్టింది. ఆమెనే జడుసుకొని నోరు మూసుకున్నది.

అంతట్లనే ఎవలో తలుపు కొట్టిన్రు. తీస్తే పక్క ఫ్లాటు సునందాతాయి. మరాఠీల తాయి అంటే అక్క. చేతిల చపాతి కర్ర, వేళ్లకు పిండి. "కాయ్ ఝాలం? కాయ్ ఝాలం?" ఏమయిందని ఆమె కండ్లు ఇల్లంత ఎతుకుతున్నయి. ఏం గాలేదు తాయి అని సీను నవ్వుకుంట చెప్పిండు. ఆమె గుండె మీద పిండి చెయ్యి పెట్టుకొని, "పాణం పోయింది నాది," అని తిట్టి, శ్రావణి బుగ్గ గిల్లి పోయింది.

"చూసినవా?" అన్నడు సీను పెండ్లాంతోని. "ఒక్క ఒర్రుకు తాయి ఉరికొచ్చింది. ఇంకో నెల నేర్పితే నీకు ఒర్రుడు వస్తది."

"అయితది తియ్," అన్నయి పెదవులు.

శుక్రవారాలు వచ్చేది. టెంఘర్ నాక కాడ ఆటో ఎక్కి, చంకల పిల్ల, సంచిల బూడిద డబ్బ. పిల్లను నా పొయ్యి కాడ దించి కార్ఖానలకు పోయేది. సాంచాలు బందుండి, గల్లీ నిమ్మళంగ ఉండి, ఆ పొద్దు ఆమె వేళ్లు చూడాలె. ఆరు దినాల ఆకలి ఉన్నోళ్ల లెక్క అతికేది. అంబటాల్లకు బువ్వకు వచ్చి కూసుంటే చెవి కింద బూడిద గీత ఉండేది. ఆ గీత ఉంటేనే ఆమె నాకు మనిషి లెక్క కనవడేది. ఫ్లాటుల ఆ గీత లేకుండె, చూసిన నేను.

సీను ఆలోచన తప్పు గాదు. పిల్లకు మాట వచ్చింది. మొదటి మాట "తాయి". తెలుగు గాదు, అమ్మ గాదు, పక్కింటామె. "దొంగముండ, మరాఠీల మొదలువెట్టింది," అని ఆమె మురిసింది. తర్వాత "పాణీ", తర్వాత "నై". రెండేండ్లు వచ్చేవరకు చిన్న చిన్న మాటలు వచ్చినయి. కని భయమైతే, కుక్క ఎంటవడితే, పిల్లకు నోరు రాకపోయేది. చెయ్యే లేచేది.

మల్ల కడుపు వచ్చింది. ఎనిమిదో నెల వచ్చేవరకు సాంచా కింద వంగుడు కష్టమయింది. సీను ఒక్కసారి గూడ బందువెట్టు అనలే, వాని కండ్లు మాత్రం అంటుండె. ఒక శుక్రవారం ఆమెనే అన్నది. "వచ్చే వారం నుంచి రాను పెద్దమ్మా. కాన్పు అయినంక వస్త. సీనుకు చెప్పిన, వాడు నిన్న రాత్రి మంచిగ పండుకున్నడు." పోయేముందు బూడిద డబ్బ నా అటక మీద పెట్టింది. "ఈడనే ఉండనియ్. మల్ల అక్కరొస్తది గద."

వచ్చే వారమే ఆ శుక్రవారం.

ఆ బిల్డింగుల పదకొండున్నరకు మోటరు పెట్టి నీళ్లు వదులుతరు. ఆమె బాత్రూంల బకెట్ పెట్టవోయింది. బండల మీద జారింది. లేవరాలే. నెత్తురు పోయింది. సీను ఒంటిగంటకు బువ్వకు వచ్చిండు. లోపలికి పోతే శ్రావణి కిటికీ కాడ స్టూలు మీద నిలవడి ఉన్నది. నాయినను చూసి చెవి గుంజుకున్నది, బాత్రూం దిక్కు చూపింది. ఆమెకు ఇంక తెలివి ఉండె. పెదవులు కదిలినయి. సీను పెదవులు చదువుతడు, మేమందరం చదువుతం. "పిల్లను కిటికీ కాడికి పంపిన. ఎవ్వరు రాలే."

గప్పుడు సీను ఒర్రిండు. ఒక్కసారే అన్ని తలుపులు తెరుచుకున్నయి. కంపెనీ టెంపోల ఏసుకొని పోయిన్రు. దవఖాన చేరలే. కడుపుల బిడ్డ గూడ.

శనివారం పొద్దుగాల మా గల్లీకే తెచ్చిన్రు. ఆమెకు ఉన్నోళ్లందరు ఈడనే. శనివారం సాంచాలు నడిచే దినం, కని రెండు దిక్కుల సేఠులు బందువెట్టిన్రు. నా ఎరుకల గట్ల ఎన్నడు లేదు. ఆ నిశ్శబ్దంల మావోళ్లకు ఎట్ల ఏడువాల్నో గూడ తెల్వలే. సునందాతాయి వచ్చింది, మా గల్లీకి రావుడు అదే మొదటిసారి, శ్రావణిని ఎత్తుకొని నా పక్కన నిలవడ్డది. పాడె కట్టేదానికి బొంగులు తెచ్చేటోళ్లు గల్లీ చివర ఆగిన్రు, ఏ ఇల్లో తెల్వక. ఓదెలు చెయ్యి తలకాయ మీదికి లేపి, పిడికిలి మూసి తెరిచిండు. మూసి తెరిచిండు. వాళ్లు ఉరికొచ్చిన్రు.

తాయి నా భుజం పట్టుకున్నది. గట్టిగ పట్టుకున్నది.

"మౌసీ, ఆయన చేత్తోని ఏం చెప్పిండు?" హిందీల అడిగింది.

"రమ్మన్నడు. జల్ది రా అన్నడు. మా సాంచాలోళ్లు గట్లనే పిలుస్తరు."

ఆమె శ్రావణిని కిందికి దించింది. తర్వాత ఆమెనే నేల మీద కూసున్నది, బురదల, కొత్త చీర.

"నేను గ్యాలరీల బట్టలు ఆరేస్తున్న," అన్నది. "పిల్ల కిటికీల నిలవడి నాకు గిట్లనే చేసింది. టాటా చెప్తుందనుకున్న మౌసీ. నేను గూడ చెయ్యి ఊపిన. మల్ల చేసింది, నేను మల్ల ఊపిన. ముద్దు పెట్టిన గాలిల. లోపలికి పోయి మల్ల వస్తే ఇంక చేస్తనే ఉన్నది. ఎంత ముద్దుగ ఆడుకుంటుందని మా అత్తకు చూపిన. అత్త గూడ ఊపింది."

ఎవలనైన మొఖం మీదనే అనేదాన్ని నేను. ఆ పొద్దు ఒక గిలాస నీళ్లు ఇచ్చిన, ఆమె తాగేదాక గిలాస నేనే పట్టుకున్న. "నీకెట్ల తెలుస్తది తాయీ," అన్న. అది ఒక్కటే అన్న.

దినాలయినంక సీను నా పొయ్యి కాడ కూసున్నడు. "నేను తోల్కపోకపోతే ఉండేదా పెద్దమ్మా?"

"తోల్కపోకపోతే పిల్లకు మాట రాకపోవు," అన్న. "మాట వచ్చిన పిల్లను ముందట పెట్టుకొని నన్ను తూకం వేయమనకు. పళ్లెం జరుపు, బువ్వ పెడత."

తిన్నడు. కొంచెమే తిన్నడు. కొలువు ఇడువలే, ఫ్లాటు ఇడువలే. శ్రావణిని పగటిపూట తాయినే సాదింది, ఎవ్వరు అడుగకముందే వచ్చి ఎత్తుకపోయింది. పిల్ల ఇప్పుడు బడికి పోతది. నోరు మూస్తే ఒట్టు. మరాఠీల, తెలుగుల, ఒకటే మాటల రెండు భాషలు కలిపి గల్లీ అంత ఇనవడేటట్టు ఒర్రుతది. మొన్న వచ్చినప్పుడు నేను గంటె తిప్పినట్టు చేసి చూపిన. "అది ఏంది ఆజీ?" అన్నది. యాదిలేదు. ఒక్కటి గూడ యాదిలేదు.

ఇది రాయాలని ఎందుకొచ్చిందంటే, పోయిన వారం టెంఘర్ నాక కాడ ఆటో కోసం కూసున్న. బడి రిక్షా ఒకటి పోయింది. ఎనుక కూసున్న చిన్న పోరి ఒకతి నన్ను చూసి చెయ్యి లేపి, పిడికిలి మూసి తెరిచింది. నా మోకాళ్లు సరిగ పనిచెయ్యవు. లేచిన. చేతుల సంచి ఆడనే ఇడిసిపెట్టి ఉరికిన. పోరి నవ్వుతుంది, "టాటా, టాటా" అంటుంది. రిక్షా పోయింది. ఎవలో నా సంచి తెచ్చి ఇచ్చి, "ఎవలమ్మా, మీ మనుమరాలా?" అన్నడు.

ఆ బూడిద డబ్బ ఇంక నా అటక మీదనే ఉన్నది.

ఆ శుక్రవారం పదకొండున్నరకు ఆ బిల్డింగుల ఎవలెవలు ఉన్నరో అడిగి తెలుసుకున్న. తప్పు పట్టుదామని గాదు. నీళ్లొచ్చే యాళ్ల, అందరు ఇంట్లనే ఉన్నరు. కింద వాచ్‌మన్ రాంసేవక్, మోటరు పెట్టి కుర్చీల కూసున్నడు. మొదటి మాళల హసీనాబీ, ఆమె కోడలు రుఖ్సానా, డ్రమ్ములు నింపుతున్నరు. ఎదురు ఇంట్ల మన తెలుగామె విమల, సోలాపూర్ దిక్కుది, ఆమెకు సాంచాలోళ్ల చేతి సైగలు తెల్వయి. మూడో మాళల రిటైరయిన దామోదర్ మాస్టర్, పేపరు చదువుతున్నడు. రెండో మాళల సునందాతాయి, ఆమె అత్త ఇందిరాబాయి, గ్యాలరీల. గోడ అవతల బాత్రూం బండల మీద ఆమె. కిటికీ కాడ, స్టూలు మీద, శ్రావణి.